డయాలసిస్‌లో ఉన్నవారి ధమనులకు సున్నం పట్టడం: ఏది ఆపగలం, గుండెకు ముప్పు ఎటునుంచి?

నాడీపథం

ఎక్స్‌రే రిపోర్టు అడుగున ‘పొత్తికడుపు మహాధమని గోడలో కాల్సిఫికేషన్’ (కాల్షియం పేరుకోవడం, అంటే సున్నం పట్టడం) అని ఒక ముక్క రాసి ఉంటుంది. వయసు మీద పడిందిలే అని వదిలేసేవారు కొందరు, కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే కరిగిపోతుందనుకునేవారు మరికొందరు. డయాలసిస్ మీద ఉన్నవారి విషయంలో ఈ రెండూ తప్పే. 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, డయాలసిస్ మీద ఉన్న 20–30 ఏళ్ల వాళ్లు 16 మందికి సీటీ తీస్తే 14 మందికి గుండె ధమనుల్లో సున్నం కనిపించింది. 20 ఏళ్లు నిండని 23 మందిలో ఒక్కరికీ లేదు. వయసు ఒక్కటే కారణమైతే ముప్పై ఏళ్లలోపు వాళ్లకు ఇలా ఉండదు.

ముందు ఒక తేడా చెప్పుకుంటే మిగతా చర్చ తేలికవుతుంది. సున్నం రెండు పొరల్లో పడుతుంది. లోపలి పొరలో, కొవ్వు గడ్డల్లో పడేది ఒకటి. అది ఎవరికైనా రావచ్చు, రక్తం పోయే దారిని ఇరుకు చేస్తుంది. రెండోది మధ్యపొరలో, కండరకణాల మధ్య పడేది. దానివల్ల దారి అంతగా ఇరుకు కాదు గానీ గొట్టానికి సాగే గుణం పోతుంది. డయాలసిస్ వారిలో రెండూ ఉంటాయి. మధ్యపొరలో పడేది మాత్రం మామూలు జనంలో కన్నా వీరిలో బాగా ఎక్కువ.

ఇది నీళ్లు కాచే పాత్రకు తెల్లపొర కట్టినట్టు ఊరికే జరిగేది కాదు. రక్తంలో ఫాస్ఫేట్ ఎక్కువైతే అది ధమని గోడలోని కండరకణంలోకి చేరుతుంది. ఆ కణం తన పని మానేసి ఎముక కట్టే కణంలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. అదే సమయంలో సున్నం పడకుండా కాపాడే ఫెట్యూయిన్-ఎ, పైరోఫాస్ఫేట్, మేట్రిక్స్ గ్లా ప్రొటీన్ వంటివి తగ్గిపోతాయి, లేదా ఉన్నా పనిచేయవు. ఒకసారి గట్టిపడిన గోడను మళ్లీ మెత్తగా చేస్తుందని నిరూపణ అయిన మందు ఇప్పటికి లేదు. చేయగలిగింది వేగం తగ్గించడమే. ఆ వేగం ఏ చేతుల్లో ఉందో ఈ చర్చలో ఒక్కొక్కరం ఒక్కో వైపు నుంచి మాట్లాడుకుందాం.

పళ్లెంలెక్క

ఫాస్ఫరస్‌కి (రక్తంలో ఫాస్ఫేట్‌గా ఉండేది ఇదే) వారం లెక్క వేయకపోతే ఏదీ అర్థం కాదు. రోజుకు 1000 మి.గ్రా. ఫాస్ఫరస్ తిన్నారనుకోండి. వారానికి 7000. అందులో పేగు సుమారు 60 శాతం పీల్చుకుంటే 4200 మి.గ్రా. లోపలికి వచ్చింది. నాలుగు గంటల హీమోడయాలసిస్ ఒక్కసారికి దాదాపు 600 నుంచి 1000 మి.గ్రా. తీస్తుంది. 800 అనుకుంటే వారానికి మూడుసార్లు కలిపి 2400. ఇంకా 1800 మి.గ్రా. మిగిలిపోయింది. మూత్రం రాని మనిషిలో దాన్ని బైండర్ మాత్ర పేగులోనే పట్టుకోవాలి, లేదంటే ఆహారంలోనే తగ్గాలి. మూడో దారి డయాలసిస్ గంటలు పెంచడం.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఫాస్ఫరస్ తగ్గించమనగానే మాంసకృత్తులు మానేస్తారు. రక్తంలోని ముఖ్యమైన ప్రొటీన్ ఆల్బుమిన్ పడిపోతుంది, మనిషి చిక్కిపోతాడు, ఫాస్ఫరస్ రిపోర్టు మాత్రం చూడ్డానికి బాగుంటుంది. అమెరికా కిడ్నీ నిపుణుల 2020 కేడోకీ మార్గదర్శకం డయాలసిస్ వారికి కిలో బరువుకు రోజుకు 1.0–1.2 గ్రాముల ప్రొటీన్ ఉండాలంటుంది. కాబట్టి ఒక గ్రాము ప్రొటీన్‌తో పాటు ఎన్ని మి.గ్రా. ఫాస్ఫరస్ వస్తోందో చూసి ఎంచుకోవాలి. గుడ్డు తెల్లసొనలో అది 2 లోపే. పాలలో 25 దాటుతుంది.

అన్నిటికన్నా ముందు మానాల్సింది తయారీలో కలిపే ఫాస్ఫేట్. గింజల్లోని ఫాస్ఫరస్ ఫైటేట్ రూపంలో ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము మనకు లేదు గనక సగం కూడా లోపలికి రాకపోవచ్చు. కలిపిన ఫాస్ఫేట్ లవణం మాత్రం దాదాపు మొత్తం పీల్చుకుపోతుంది. ప్యాకెట్ మీద ‘ఫాస్ఫేట్’, ‘ఫాస్ఫోరిక్ ఆమ్లం’ అన్న మాటలు వెతకండి. పేరు లేకుండా సంకేతాలే ఉంటే ఇ338 నుంచి ఇ341 వరకు, ఇ450, ఇ451, ఇ452 అన్నవి అవే. నల్లరంగు కోలా పానీయాలు, నిల్వ మాంసం, ప్రాసెస్డ్ చీజ్, పొడిగా అమ్మే తక్షణ పానీయాల్లో ఇవి తరచు ఉంటాయి.

మాత్రలడబ్బా

పళ్లెంలెక్క గారు చెప్పిన ఆ 1800 దగ్గర నుంచి నేను అందుకుంటాను. బైండర్ అంటే ఫాస్ఫరస్‌ను పేగులో పట్టుకుని మలంతో బయటికి పంపే మందు. పేగులో అన్నం లేకపోతే దానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. భోజనం అయిన రెండు గంటలకు వేసుకున్న మాత్ర దాదాపు వృథా. కాల్షియం మాత్రయితే వృథా కావడమే కాదు, కాల్షియం రక్తంలోకి చేరుతుంది కాబట్టి నష్టం కూడా.

కాల్షియం బైండర్ల లెక్క కాగితం మీద వేసి చూడండి. కాల్షియం అసిటేట్ 667 మి.గ్రా. మాత్రలో అసలు కాల్షియం 169 మి.గ్రా. పూటకు మూడు చొప్పున మూడు పూటలు వేసుకుంటే 9 మాత్రలు, అంటే 1521 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్ బరువులో 40 శాతం కాల్షియమే. 1250 మి.గ్రా. మాత్రలు రోజుకు మూడు వేసుకుంటే 1500. 2003 కేడోకీ గీసిన పైగీత బైండర్ల నుంచి రోజుకు 1500, ఆహారంతో కలిపి 2000 మి.గ్రా. అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాల సంస్థ కేడీగో 2017లో అయితే అంకె చెప్పకుండానే కాల్షియం బైండర్ మోతాదును పరిమితం చేయమంది. ఎంతోమంది చీటీలు ఆ గీత మీదో, దాటో ఉంటాయి. దానికి తోడు ఎముకల బలానికని వేరే కాల్షియం మాత్ర, యాక్టివ్ విటమిన్ డి కూడా నడుస్తుంటాయి. మూడింటినీ ఒకే వరుసలో రాసి కూడితే గానీ ఎంత లోపలికి వెళ్తోందో తెలియదు.

కాల్షియం లేనివి: సెవెలమర్ మింగాలి, నమలకూడదు. లాంథనమ్ నమలాలి, మింగితే పని చేయదు. సుక్రోఫెరిక్ ఆక్సీహైడ్రాక్సైడ్ కూడా నమిలేదే, మలం నల్లబడుతుంది, కంగారుపడక్కర్లేదు. సెవెలమర్‌తో మలబద్ధకం వస్తే మందు మానేయకుండా దానికి చికిత్స చేయించాలి. డయాలసిస్ వారిలో మలబద్ధకం పొటాషియం కూడా పెంచుతుంది.

ప్రశ్నకొమ్మ

అయితే అందరికీ కాల్షియం బైండర్ మాన్పించి సెవెలమర్ ఇస్తే సరిపోదా? గుండెపోటు తగ్గుతుందని తేలిందా?

నాడీపథం

సున్నం పేరుకునే వేగం విషయంలో సెవెలమర్‌దే పైచేయి అని 2002లో వచ్చిన ట్రీట్ టు గోల్ ప్రయోగం చూపింది. 200 మందిని 52 వారాలు చూశారు. కాల్షియం బైండర్ వాడినవారిలో సీటీలో కొలిచిన సున్నం స్కోరు పెరిగింది, సెవెలమర్ వాడినవారిలో పెద్దగా కదల్లేదు. ప్రాణాల లెక్కకొస్తే, 2007లో 2103 మందితో జరిగిన డీకోర్ ప్రయోగంలో మొత్తం మరణాల్లో తేడా తేలలేదు. కాబట్టి ‘ఇది వేసుకుంటే గుండెపోటు రాదు’ అని ఎవరైనా అంటే నమ్మవద్దు. ‘ధమనిలో ఇప్పటికే సున్నం ఉంది, కాల్షియం ఎక్కువగా ఉంది, పీటీహెచ్ (ఎముకలోంచి కాల్షియం బయటికి తెచ్చే పారాథైరాయిడ్ హార్మోన్) తక్కువగా ఉంది’ అన్న మనిషికి కాల్షియం బైండర్ కొనసాగించడం మాత్రం నా దృష్టిలో సమర్థించుకోలేని పని. 

గొట్టంగది

మాత్రల్లో వచ్చే కాల్షియం గురించి అందరూ మాట్లాడతారు, మెషిన్‌లోంచి వచ్చేదాని గురించి ఎవరూ అడగరు. డయలైజేట్‌లో, అంటే మెషిన్‌లో రక్తం పక్కన పారే ద్రావణంలో, కాల్షియం ‘ఏ’ క్యాన్ నుంచి వస్తుంది; అది ఆ క్యాన్‌లో, అంటే ఆమ్ల ద్రావణంలో ఉంటుంది. క్యాన్ లేబుల్ మీద కలిపాక వచ్చే గాఢత అచ్చువేసి ఉంటుంది: లీటరుకు 1.25, 1.5 లేదా 1.75 మిల్లీమోల్. మిల్లీఈక్వివలెంట్లలో రాస్తే 2.5, 3.0, 3.5. కేడీగో సూచించేది 1.25 నుంచి 1.5 మధ్య. 1.75 పెడితే ప్రతి డయాలసిస్‌లోనూ కాల్షియం డయలైజర్ (రక్తాన్ని వడపోసే ఫిల్టర్) గుండా రక్తంలోకి చేరుతుంది. మాత్రలు తగ్గించి క్యాన్ 1.75లోనే ఉంచితే చేసిన పని సగమే. 

అలాగని 1.25 కన్నా కిందికి దిగడం కూడా ప్రమాదమే. డయాలసిస్ మధ్యలో బీపీ పడుతుంది, ఈసీజీలో క్యూటీ (గుండె ఒక్కో దెబ్బ తర్వాత విద్యుత్తుగా తేరుకునే సమయం) సాగుతుంది. పొటాషియం కూడా తక్కువ ఉన్న ద్రావణం, పీటీహెచ్ దించే సినకాల్సెట్ మాత్ర రెండూ తోడైతే గుండె లయ తప్పడానికి అన్నీ సిద్ధంగా ఉన్నట్టే. క్యాన్ మార్చిన రోజు నుంచి ఒకటి రెండు వారాల్లో కాల్షియం, కొంచెం ఆగి పీటీహెచ్ చూసి తీరాలి.

ఇంకొకటి నీళ్లు. శుద్ధి చేసిన నీటిలో కాల్షియం లీటరుకు 2 మి.గ్రా., మెగ్నీషియం 4 మి.గ్రా. దాటకూడదు. నీటి కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ రెసిన్ నిండిపోయినా, ఉప్పు అయిపోయినా కాఠిన్యం ఆర్వో పొరల దాకా వచ్చేస్తుంది, పొరలు పాడైతే డయలైజేట్‌లోకీ దిగుతుంది. ఒకే షిఫ్టులో చాలామందికి వాంతులు, తలనొప్పి, బీపీ పెరగడం కనిపిస్తే ముందు నీటి కాఠిన్యం చూడండి. సాఫ్ట్‌నర్ పరీక్ష పొద్దున కాకుండా రోజు చివర, రెసిన్ అలసిపోయిన వేళ చేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఎముకగూడు

పీటీహెచ్ గురించి ఒక మాట. ఎక్కువైతే ఎముక కరిగి కాల్షియం, ఫాస్ఫేట్ రక్తంలోకి వస్తాయి, అది అందరికీ తెలుసు. మరీ తక్కువైనా ధమనికి చెడే. ఎముక పని మానేసి నిద్రపోతే తిన్న కాల్షియాన్ని తీసుకోదు, అది ఎక్కడో ఒకచోట దిగాలి కదా, మెత్తటి కణజాలంలో దిగుతుంది. డయాలసిస్ వారికి పీటీహెచ్ ఆ ల్యాబ్ పైహద్దుకు 2 నుంచి 9 రెట్ల మధ్య ఉండాలని కేడీగో. పైహద్దు 65 అయితే 130 నుంచి 585. మామూలు మనిషి హద్దులోకి, అంటే 65 లోపుకు తెచ్చామని సంతోషించకూడదు. ఒక్క రిపోర్టు చూసి మందు మార్చకూడదు, వరుసగా ఎటు పోతోందో చూడాలి. ల్యాబ్ మారితే అంకె మారుతుంది, అందుకే ఒకే ల్యాబ్.

రక్తం తీయడంలో జరిగే తప్పులు కూడా చికిత్సను పక్కదారి పట్టిస్తాయి. డయాలసిస్ మొదలయ్యే ముందే, వీలైతే వారం మధ్య సెషన్‌లో తీయాలి. డయాలసిస్ తర్వాత తీసిన ఫాస్ఫరస్ చూసి అదుపులో ఉందనుకోవద్దు. కొన్ని గంటల్లో కణాల్లోంచి మళ్లీ పైకి వస్తుంది. రక్తకణాలు చితికిన శాంపిల్‌లో ఫాస్ఫరస్ అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది.

కాల్షియం చదివేటప్పుడు ఆల్బుమిన్ పక్కన పెట్టుకోండి. కాల్షియం 9.6, ఆల్బుమిన్ 2.8 అని వచ్చిందనుకోండి. 4 లోంచి 2.8 తీస్తే 1.2, దాన్ని 0.8తో గుణిస్తే 0.96. కలిపితే దాదాపు 10.6. మామూలుగా కనిపించిన అంకె నిజానికి ఎక్కువ. ఈ సూత్రం కూడా డయాలసిస్ వారిలో అంత నమ్మకమైనది కాదు, వీలుంటే అయోనైజ్డ్ కాల్షియం చూడడమే మేలు.

ప్రశ్నకొమ్మ

సీటీ స్కోరు చేయించాలా? ఆ సున్నం స్కోరు, అగాట్‌స్టన్ అనేది, 400 దాటితే స్టెంట్ వేయాలా?

గుండెగదులు

స్కోరు అంటే ఏంటో ముందు చెబుతాను. సీటీలో 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు దాటిన ప్రతి మచ్చ విస్తీర్ణాన్ని దాని సాంద్రత బట్టి 1 నుంచి 4 వరకు గుణించి కూడతారు. 130–199కి 1, 200–299కి 2, 300–399కి 3, 400 ఆపైన 4. ఆ యంత్రానికి లోపలి పొర సున్నమేదో, మధ్యపొర సున్నమేదో తెలియదు. అందుకే డయాలసిస్ మనిషిలో వేలల్లో స్కోరు ఉండి కూడా యాంజియోగ్రామ్‌లో పెద్ద అడ్డు కనిపించకపోవచ్చు. స్కోరు చూసి స్టెంట్ వేయడం అనేది లేదు. 777 మందితో జరిగి 2020లో వచ్చిన ఇస్కీమియా-సీకేడీ ప్రయోగంలో, నిలకడగా ఉన్న గుండెజబ్బుకు మందులతో మొదలుపెట్టిన వారికన్నా ముందే యాంజియో చేసిన వారికి మరణాలు, గుండెపోట్లు తగ్గలేదు. ఛాతీనొప్పి పెరుగుతున్నా, విశ్రాంతిలో వస్తున్నా, ట్రోపోనిన్ (గుండె కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్) కదులుతున్నా అది వేరే సంగతి, ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ట్రోపోనిన్ అన్నాను గనక: డయాలసిస్ వారిలో అది ఎప్పుడూ కొంత ఎక్కువే ఉంటుంది. ఒక్క అంకె కాదు, కొన్ని గంటల తేడాతో తీసిన రెండు అంకెల మధ్య మార్పు చెబుతుంది. ఏ లక్షణమూ లేని రోజున తీసిన పాత అంకె ఫైలులో ఉంటే అత్యవసర వేళ ఎంతో మేలు.

సున్నం ఉందో లేదో తెలుసుకోవడానికి కేడీగో ప్రకారం సీటీ అక్కర్లేదు. నడుము పక్కవాటు ఎక్స్‌రే చాలు, కవాటాలకు ఎకో చాలు. ఎక్స్‌రేలో ఎల్1 నుంచి ఎల్4 దాకా వెన్నుపూసల ఎదుట మహాధమని ముందు గోడకు, వెనక గోడకు ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు వేస్తారు, మొత్తం 24. దీన్ని కౌపిలా స్కోరు అంటారు.

ఇప్పుడు అసలు ముప్పు. బీపీ 168/62 అని వచ్చిందనుకోండి. తేడా 106. మెత్తటి మహాధమని గుండె కొట్టినప్పుడు సాగి, గుండె సడలినప్పుడు మెల్లగా ముడుచుకుని కింది బీపీని నిలబెడుతుంది. గట్టిపడినది సాగదు, పై అంకె ఎగురుతుంది, కింది అంకె పడుతుంది. ఎడమ జఠరిక ఆ ఎత్తుకు వ్యతిరేకంగా తోసి తోసి మందమవుతుంది. మందమైన కండకు రక్తం ఎక్కువ కావాలి. కానీ ఆ కండకు రక్తం అందేది ముఖ్యంగా గుండె సడలినప్పుడు, సరిగ్గా ఆ సమయంలోనే ఒత్తిడి తక్కువ. ఇలాంటి గుండె మీద డయాలసిస్‌లో నీళ్లు గబగబా లాగితే అడ్డు ఏమీ లేకపోయినా గోడలో కొంత భాగం తాత్కాలికంగా కదలడం మానేస్తుంది. పదేపదే అలా అయితే మచ్చలు పడి, లయ తప్పడానికి తావవుతుంది. డయాలసిస్ వారి గుండె మరణాల్లో పెద్ద వాటా హఠాత్తుగా ఆగిపోవడమే.

గొట్టంగది

నీళ్లు లాగే వేగానికి లెక్క ఉంది. కిలోకు గంటకు 13 మి.లీ. దాటినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో 13 × 60 × 4, అంటే 3120 మి.లీ. ఆ మనిషి 4.2 కిలోలు పెరిగి వస్తే కిలోకు గంటకు 17.5 మి.లీ. అవుతుంది. నాలుగున్నర గంటలు చేసినా 15.6. ఆ రోజు ఐదున్నర గంటలు చేయాలి, లేదంటే మర్నాడు అదనంగా ఒక సెషన్ పెట్టి మిగతాది తీయాలి. ‘ఎలాగో తీసేద్దాం’ అన్నది అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. పైగా గంటలు పెరిగితే ఫాస్ఫరస్ కూడా దిగుతుంది. మొదటి రెండు గంటల్లో రక్తంలో వేగంగా పడి, తర్వాత కణాల్లోంచి వచ్చినంతే పోతుంది కాబట్టి పంపు వేగం పెంచడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, సమయం వల్లే ఉంటుంది. రాత్రిపూట ఎనిమిదేసి గంటలు, వారంలో ఐదారు రాత్రులు చేసేవారిలో కొందరికి బైండర్లు పూర్తిగా ఆపి, డయలైజేట్‌లోనే ఫాస్ఫేట్ కలపాల్సి వస్తుంది.

మాత్రలడబ్బా

కొలెస్ట్రాల్ మాత్ర సంగతి మొదటి పోస్టులో వచ్చింది, వివరం చెప్పాలి. 2005లో 4డి, 2009లో అరోరా ప్రయోగాలు డయాలసిస్ వారికి స్టాటిన్ ఇచ్చి చూశాయి. ఎల్‌డీఎల్ బాగా తగ్గింది, గుండె మరణాలు, గుండెపోట్లు, పక్షవాతాలు కలిపిన లెక్కలో తగ్గుదల తేలలేదు. కేడీగో మాట: డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా ప్రారంభించవద్దు, ముందునుంచే వాడుతుంటే కొనసాగించవచ్చు. వాడుతున్నవారు ఈ పోస్టు చదివి సొంతంగా ఆపేయకండి.

సినకాల్సెట్ గురించి కూడా ఇంతే. 2012లో 3883 మందితో వచ్చిన ఈవాల్వ్ ప్రయోగం ప్రధాన లక్ష్యంలో తేడా చూపలేకపోయింది. పీటీహెచ్ ఎక్కువగా ఉన్నవారిలో కాల్షియం పెంచకుండా దాన్ని దించడానికి మాత్రం పనికొస్తుంది. సరిచేసిన కాల్షియం 8.4 లోపు ఉంటే మొదలుపెట్టకూడదు.

పళ్లెంలెక్క

విటమిన్ కె2 మాత్రలు ధమనులు శుభ్రం చేస్తాయని ప్రచారం ఉంది. ఆధారం లేనిదేమీ కాదు: మేట్రిక్స్ గ్లా ప్రొటీన్ పనిచేయాలంటే విటమిన్ కె కావాలి, డయాలసిస్ వారిలో ఆ లోటు ఎక్కువ. మాత్ర ఇస్తే రక్తంలో పనిచేయని రూపం తగ్గుతుంది కూడా. సున్నం ఆగిందా అన్న దగ్గరే ప్రయోగాలు నిలకడగా ఔనని చెప్పలేదు. వార్ఫరిన్ వాడేవారు అడక్కుండా వేసుకుంటే రక్తం పలచన లెక్క తప్పుతుంది, అది నేరుగా ప్రమాదం.

ఎముకగూడు

వార్ఫరిన్ మాట వచ్చింది. అదే విటమిన్ కె దారిని మూసేస్తుంది కాబట్టి సున్నం పడడాన్ని పెంచుతుంది, కాల్సిఫిలాక్సిస్ ముప్పూ పెంచుతుంది. కాల్సిఫిలాక్సిస్ అంటే చర్మం కింద చిన్న నాళాలు మూసుకుపోయి తొడ, పొట్ట, పిరుదు వంటి కొవ్వున్న చోట వలలాంటి ఊదారంగు మచ్చ, దాని కింద గట్టితనం, చూపుకు కనిపించేదానికి పొంతనలేనంత నొప్పి. పుండు పడకముందే గుర్తించాలి, పడ్డాక ఇన్‌ఫెక్షన్‌తో ప్రాణం మీదికి వస్తుంది. అనుమానం వస్తే అదే రోజు కిడ్నీ డాక్టరుకు చూపించాలి. కాల్షియం మాత్రలు, యాక్టివ్ విటమిన్ డి, వార్ఫరిన్ కొనసాగాలా అన్నది వాళ్లు వెంటనే తేలుస్తారు. సోడియం థయోసల్ఫేట్‌ను డయాలసిస్ చివరి గంటలో 25 గ్రాముల దాకా ఎక్కిస్తారు. వికారం, రక్తంలో ఆమ్లం పెరగడం దాని ఇబ్బందులు.

గుండెగదులు

కాళ్ల రక్తప్రసారం చూసేటప్పుడు ఒక మోసం ఉంది. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చేది 1.4 దాటిందంటే చాలా బాగుందని కాదు, పట్టీ నొక్కినా నొక్కుకోనంతగా ధమని గట్టిపడిందని. అప్పుడు కాలి బొటనవేలి దగ్గర కొలవాలి. బొటనవేలి బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.7 లోపు ఉంటే రక్తం సరిగా అందడం లేదు. మధుమేహం కూడా ఉంటే రోజూ పాదాలు చూసుకోవడం తప్పదు.

కిడ్నీ మార్పిడి జాబితాలో ఉన్నవారికి కటిభాగం సీటీ, రంగుమందు లేకుండా, ముందే తీయించడం మంచిది. కొత్త కిడ్నీ ధమనిని కుట్టేది కటిభాగంలోని ఇలియాక్ ధమనికే. అది చుట్టూ గట్టిపడి ఉంటే క్లాంపు పట్టదు, సూది దిగదు. ఎటువైపు మెత్తటి చోటు ఉందో సర్జన్‌కు ముందే తెలియాలి.

ప్రశ్నకొమ్మ

కడుపు ఎక్స్‌రేలో పేగు దారిలో తెల్లటి చుక్కలు కనిపిస్తే అది కూడా సున్నమేనా? లాంథనమ్ వాడుతున్న మనిషిది.

మాత్రలడబ్బా

లాంథనమ్ లోహం, ఎక్స్‌రేలో తెల్లగానే పడుతుంది. చుక్కలు వెన్నుపూస ముందు గీతల్లా నిలబడక, పేగు వంపుల్లో చెదిరి ఉంటే చాలావరకు మందే. పెద్ద ముక్కలుగా కనిపిస్తే నమలకుండా మింగుతున్నారని కూడా అర్థం. పళ్లు సరిగా లేకపోతే పొడిచేసి వేసుకోమని చెప్పండి. ఎక్స్‌రే రాయించేటప్పుడే చీటీ మీద ‘లాంథనమ్ వాడుతున్నారు’ అని రాస్తే చదివే డాక్టరు పొరబడరు.